తక్కువ అద్దె ఇళ్ల సముదాయంలో వీడియో వైద్యం గది ఏర్పాటు చేసుకోవడం ఎలా

డాక్టరుతో వీడియోలో మాట్లాడే సౌకర్యం పెడదామని అనుకోగానే ఏ ట్యాబ్లెట్ కొనాలన్న చర్చ మొదలవుతుంది. దాన్ని చివరికి వదిలేయండి. 10 అంగుళాల తెర ఉండి, ఇంకా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తున్న ట్యాబ్లెట్ ఏదైనా సరిపోతుంది. ముందు తేల్చుకోవలసినవి రెండు: గది ఎక్కడ ఉండాలి, దాని తాళం ఎవరి దగ్గర ఉండాలి.

అద్దె వసూలు చేసే ఆఫీసు పక్కన మాత్రం వద్దు. తన జబ్బు సంగతి యాజమాన్యానికి తెలిస్తే ఇల్లు పోతుందేమోనన్న భయం ఉన్నవాళ్లు ఆ తలుపు తట్టరు. మానసిక సమస్యలకో, మత్తు అలవాటు మానడానికో వైద్యం కావలసినవాళ్లు అసలే రారు. తాళం, రిజిస్టరు రెండూ అద్దె లెక్కలతో సంబంధం లేని మనిషి దగ్గరే ఉండాలి. రిజిస్టరులో ఫ్లాట్ నంబరు, సమయం రాస్తే చాలు; ‘ఎందుకు వచ్చారు’ అనే గడి గీయనే వద్దు. గడి ఉంటే ఎవరో ఒకరు నింపుతారు, ఇంకెవరో చదువుతారు. గదిలో రోగికి కొలతలు తీసి సాయపడే సహాయకులను వీలైతే ఇద్దరిని పెట్టుకోండి. సహాయకురాలు పక్కింటామే అయితే, ఆమె ముందు నోరు విప్పలేనివాళ్లకు రెండో మనిషి ఉంటారు.

గది కింది అంతస్తులో ఉండాలి. చక్రాల కుర్చీ పట్టాలంటే తలుపు కనీసం 80 సెంటీమీటర్లు, కుర్చీ లోపల తిరగాలంటే 150 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. తర్వాత శబ్దం పరీక్ష. తలుపు మూసి లోపల ఒకరు మామూలు గొంతుతో చదవాలి, మరొకరు బయట నిలబడి వినాలి. మాటలు అర్థమవుతుంటే ఎక్కువగా తలుపు కింది సందులోంచే వస్తుంటాయి. రబ్బరు పట్టీ అతికించండి, బయట ఒక ఫ్యాన్ తిరగనివ్వండి. ‘హెడ్‌సెట్ ఉందిగా’ అంటారు కొందరు. హెడ్‌సెట్ దాచేది డాక్టరు మాటల్నే, రోగి చెప్పేది బయటికి వినపడుతూనే ఉంటుంది.

కిటికీ రోగి ముఖానికి ఎదురుగా ఉండాలి. వీపు వెనక ఉంటే డాక్టరుకు నల్లటి నీడ తప్ప ఏమీ కనపడదు. పసుపు రంగు బల్బులు తీసేసి తెల్లవి పెట్టండి. పసుపు వెలుగులో కామెర్లు, పాలిపోవడం సరిగా తెలియవు.

ఇంటర్నెట్ వేగాన్ని కాల్స్ జరిగే వేళలోనే పరీక్షించండి. ఖాళీగా ఉన్న వేళ బాగున్న లైను, అందరూ ఇళ్లకు చేరాక కుంటుతుంది. డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోవద్దు, మన వీడియో వెళ్లేది అప్‌లోడ్‌లో. రెండు వైపులా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) వేగం నిలకడగా ఉంటే కాల్ నడుస్తుంది. రూటర్ నుంచి కేబుల్ లాగి పెడితే సగం ఫిర్యాదులు ఉండవు. సొంత ఫోన్‌లో ఇంటి నుంచే మాట్లాడేవాళ్లకు డేటా లెక్క చెప్పండి: రెండు వైపులా 1.5 ఎంబీపీఎస్ చొప్పున 20 నిమిషాలకు దాదాపు 450 ఎంబీ ఖర్చవుతుంది. నెలాఖరులో కాల్స్ మధ్యలో తెగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వీడియో ఆపేసి మాటలతో కొనసాగించమనండి. మామూలు ఫోన్ కాల్‌తోనూ చాలా పనులు అవుతాయి.

ఇక బీపీ మిషన్. గదిలో ఎక్కువ తప్పులు జరిగేది దీనితోనే, ఆ తప్పుడు అంకె మీదే మందు మారిపోతుంది కూడా. మణికట్టుకు కట్టేది కాకుండా పై చేతికి కట్టే మిషన్ తీసుకోండి, పట్టీలు కనీసం రెండు సైజులు కొనండి. సాధారణ పట్టీ 27 నుంచి 34 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి, పెద్దది 35 నుంచి 44 సెంటీమీటర్ల చేతికి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లేని జబ్బుకు మందు మొదలవుతుంది. అందుకే టేపు గదిలోనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడే చేయి కొలవండి.

కాఫీ, టీ, సిగరెట్, మెట్లెక్కడం లాంటివి అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లి రమ్మనండి, నిండు మూత్రాశయం కూడా అంకె పెంచుతుంది. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీద కట్టాలి. కొలుస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. సహాయకుల పలకరింపులు ఇక్కడే పని చెడగొడతాయి. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలిచి, రెండు అంకెలూ డాక్టరుకు చెప్పండి. బాగున్న అంకెను ఎంచి చెప్పడం మీ పని కాదు.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరుకు వేలు వెచ్చగా ఉండాలి, గోరు రంగు తుడిచేయాలి, అంకె కుదురుకునేదాకా ఆగాలి. చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్లకు ఇది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. మనిషి ఆయాసపడుతుంటే మంచి అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. షుగరు చూసేముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. పండు తిన్న వేలి మీది తీపి కూడా మిషన్‌లో షుగరుగానే లెక్కకొస్తుంది. షుగరు పరీక్ష స్ట్రిప్పుల డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉంచండి, తేమ తగిలితే అవి పాడవుతాయి.

20 నిమిషాల కాల్‌కు 45 నిమిషాలు కేటాయించండి. పావుగంట ముందే రావాలి, వాడుతున్న మందులన్నీ సంచితో సహా తేవాలి. పేర్లు చదివి చెప్పడం కంటే అట్టలను కెమెరాకు చూపించడం మేలు. కాల్ కలవగానే పేరు, బ్లాకు, అంతస్తు, అంబులెన్సు ఏ గేటు నుంచి రావాలో, లైను తెగితే చేయాల్సిన నంబరు చెప్పించండి. డాక్టరు ఇంకో ఊళ్లో కూర్చుని అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే అది అక్కడి అంబులెన్సుకే వెళ్లవచ్చు. కాబట్టి అవసరమైతే ఫోన్ చేయాల్సింది గదిలో ఉన్నవాళ్లే.

కొలతలు అయ్యాక సహాయకులు బయటికి రావాలి, రోగి ఉండమని అడిగితే తప్ప. రోగికి డాక్టరు భాష రాకపోతే అనువాదం చేసే మనిషిని మూడో వ్యక్తిగా కాల్‌లోకి తీసుకోండి. పిల్లల చేత చెప్పించొద్దు. తల్లి తన రక్తస్రావం గురించి పదేళ్ల కొడుకు ముందు చెప్పదు, ఒకవేళ చెప్పినా వాడు సగమే చెబుతాడు.

ఈ గదికి తీసుకురాకూడని కేసుల పట్టిక తలుపు మీదే పెద్ద అక్షరాలతో అతికించండి: ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ముఖమో చేయో ఒక పక్కకు పడిపోవడం, మాట తడబడటం, ఆగని రక్తస్రావం, 3 నెలల లోపు పసికందుకు జ్వరం. వీళ్లకోసం కాల్ కలిపే ప్రయత్నంలో పోయే 10 నిమిషాలు కూడా ఎక్కువే. నేరుగా అంబులెన్సుకు ఫోన్ చేయాలి.

కాల్ ముగిశాక ట్యాబ్లెట్‌లో లాగవుట్ అయ్యారో లేదో చూడండి. బ్రౌజరును ప్రైవేట్ విండోలోనే వాడి, కాల్ అయ్యాక దాన్ని మూసేస్తే తర్వాత వచ్చినవాళ్లకు ముందువాళ్ల వివరాలు కనపడవు. పుండో, దద్దురో ఫొటో తీయాల్సి వస్తే రోగి ఫోన్‌తోనే తీయాలి. సహాయకుల ఫోన్‌తో తీస్తే అది వాళ్ల బ్యాకప్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, గ్యాలరీలో చెరిపేశామన్నంత మాత్రాన పోయిందనుకోలేం. తెరను, ఆక్సీమీటరును 70 శాతం ఆల్కహాల్ ఉన్న తుడుపు గుడ్డతో తుడవండి.

సమయం తీసుకుని కూడా రాని వాళ్లను నిర్లక్ష్యం అనుకునే ముందు ఫోన్ సంగతి చూడండి. ఆసుపత్రి నుంచి వచ్చే కాల్ కొత్త నంబరుగా కనిపిస్తే, బాకీల వాళ్లేమోనని చాలామంది ఎత్తరు. ఆ నంబరును మొదటి రోజే వాళ్ల ఫోన్‌లో పేరుతో సేవ్ చేసి ఇవ్వండి. మందుల చీటీ ఏ దుకాణానికి వెళ్తుందో, మందులు ఎవరు తెస్తారో కూడా గది దాటకముందే అడగండి. నడవలేని మనిషికి చీటీ వచ్చింది గానీ మందు రాలేదంటే, వచ్చే వారం అదే ఫిర్యాదుతో మళ్లీ అదే డాక్టరు ముందు కూర్చుంటారు.