స్టాక్ ఓవర్‌ఫ్లో లాంటి ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైట్లలో హోంవర్క్ ప్రోగ్రామ్ గురించి అడిగితే ఎవరూ పలకట్లేదా?

సమస్య: ప్రశ్న పెట్టీపెట్టగానే మైనస్ ఓట్లు, ఆ వెంటనే క్లోజ్, అంటే ఇక ఎవరూ జవాబు రాయలేరు.

హోంవర్క్ అని పసిగట్టి తరిమేశారనుకుంటారు చాలామంది. అది కాదు కారణం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకప్పుడు హోంవర్క్ అనే ట్యాగే ఉండేది, 2012లో పక్కన పెట్టేశారు, కానీ హోంవర్క్ గురించి అడగొద్దని మాత్రం అనలేదు. అసైన్‌మెంట్‌ని ఉన్నదున్నట్టు దింపేసి "అర్జెంట్ సార్, రేపే సబ్‌మిషన్" అంటేనే వాళ్లకి ఒళ్లు మండుతుంది. తప్పులున్నా సరే, మీరు రాసిన కోడ్ పెట్టి ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.

సమస్య: కోడ్ పెట్టినా "నాకు బాగానే రన్ అవుతోందే" అంటున్నారు.

మన దగ్గర చాలా కాలేజీ ల్యాబుల్లో ఇంకా టర్బో సీ అనే పాతకాలపు సీ కంపైలర్ నడుస్తోంది కదా, తిప్పలన్నీ అక్కడే. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామే తీసుకోండి. 7కి 5040 అని సరిగ్గానే వస్తుంది, 8కి మాత్రం 40320 బదులు మైనస్ 25216 వస్తుంది. టర్బో సీలో ఇంట్ (పూర్ణసంఖ్యలు దాచే టైప్) అంటే 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. జవాబిచ్చే మనిషి వాడే జీసీసీ అనే ఇప్పటి కంపైలర్‌లో ఇంట్ మామూలుగా 32 బిట్లు, కాబట్టి అతనికి 12 దాకా ఏ తేడా కనిపించదు, ఇక మీ గోల అతనికేం అర్థమవుతుంది? ఇంట్ బదులు ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ పెట్టి, ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎల్‌డీ (%ld) రాస్తే మీకూ 12 దాకా సరిపోతుంది. అసలు ఏ కంపైలరో, ఏ ఇన్‌పుట్‌కి ఏం రావాలో, ఏం వస్తోందో మొదటే రాస్తే ఇంత రభస ఉండదు. "అవుట్‌పుట్ రావట్లేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

సమస్య: ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి పెడితే తిట్టారు.

ఫోటోలోని కోడ్‌ని ఎవరూ కాపీ చేసుకుని రన్ చేయలేరు. టర్బో సీని నడిపే డాస్‌బాక్స్ విండో నుంచి కాపీ అవ్వట్లేదనే కదా ఫోటో తీశారు? టర్బో సీ ఫోల్డర్లో, సాధారణంగా బిన్ లోపల, మీ ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కాపీ చేసుకోండి.

సమస్య: జవాబు వచ్చింది, సార్ చూస్తారేమోనని టెన్షన్, ప్రశ్నేమో డిలీట్ అవ్వట్లేదు.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్లస్ ఓటు పడిన జవాబుంటే మీ ప్రశ్నని మీరే తీసేయలేరు, జవాబు రాసినవాళ్ల కష్టం పోకూడదు కదా. అందుకే పోస్ట్ చేసేముందే ప్రోగ్రామ్ పైన కామెంట్లో రాసుకున్న పేరూ, హాల్‌టికెట్ నంబరూ చెరిపేయండి.