పసిబిడ్డ ఒంటిమీద ఎర్ర మచ్చ: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

మా పాపకి రెండో వారంలో ఎడమ కంటి రెప్ప మీద గోరు గీసుకున్నట్టు సన్నటి ఎర్ర గీత కనిపించింది. గోళ్లు తీసేసి ఊరుకున్నాం. ఐదో వారానికి అది కందిగింజంత ఉబ్బింది, ఏడో వారానికి రెప్ప బరువెక్కి కన్ను సగమే తెరుచుకునేది. మధ్యలో ఒక డాక్టరుకి చూపిస్తే "అదే పోతుంది, ఏడాది ఆగండి" అన్నారు. ఆ మాట చాలా మచ్చల విషయంలో నిజమే, కానీ మా పాప మచ్చ విషయంలో కాదు. ఆ తేడా మీకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు అది ఏ మచ్చో చూసుకోవాలి. పుట్టినప్పటి నుంచే నుదుటి మధ్యలో, రెప్పల మీద, మెడ వెనక లేత గులాబీ రంగులో చదునుగా ఉండి, బిడ్డ ఏడ్చినప్పుడు ఎర్రబడితే దాన్ని సామన్ ప్యాచ్ అంటారు. ముఖం మీదవి సాధారణంగా ఒకటి రెండేళ్లలో వెలిసిపోతాయి, మెడ వెనకది ఉండిపోయినా జుట్టు కిందే ఉంటుంది. దానికి ఏమీ చేయక్కర్లేదు. పుట్టినప్పుడు లేకుండా, లేదా మసక గుర్తులా ఉండి, మొదటి వారాల్లో ఎర్రగా ఉబ్బుతూ పెరిగేది హెమాంజియోమా, అంటే రక్తనాళాలు గుంపుగా పెరిగే గడ్డ. మా పాపది ఇదే. చర్మం లోపల ఉంటే ఎర్రగా కాకుండా నీలంగా, మెత్తటి గడ్డలా తగులుతుంది. చదునుగా, ముదురు ఎరుపులో, ఎక్కువగా ముఖానికి ఒక పక్కనే ఉండి, పెరగకుండా తగ్గకుండా బిడ్డతోపాటే సాగేది పోర్ట్‌వైన్ స్టెయిన్. ఈ మూడింటి దారులూ వేరు, వైద్యం కూడా వేరే.

ఎక్కువగా గాభరా పెట్టేది హెమాంజియోమానే. నూటికి నలుగురైదుగురు పిల్లల్లో వస్తుంది, ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. తల్లి తిన్నదో, చేసిందో కారణం కాదు, ఆ దిగులు మనసులోంచి తీసేయండి. ఇది అన్నిటికన్నా వేగంగా పెరిగేది ఐదు నుంచి ఏడో వారం మధ్యలో. ఐదో నెలకల్లా పెరగాల్సినదంతా చాలావరకు పెరిగిపోతుంది, ఏడాది దగ్గర నుంచి మెల్లగా చప్పబడి నాలుగేళ్లకి చాలామందిలో తగ్గాల్సినదంతా తగ్గిపోతుంది. తగ్గినా కొందరికి సాగిన చర్మమో, సన్నటి రక్తనాళాల గీతలో మిగిలిపోతాయి. అందుకే చూపించేదేదో మొదటి నెలలోనే చూపించాలి, మూడో నెలలో కాదు.

అన్నిటికీ మందు అవసరం లేదు. వీపు మీదో, చేతి మీదో చిన్నది ఉంటే వారానికో ఫొటో తీస్తూ కనిపెట్టుకుని ఉంటే చాలు. ఫొటో ఎలా పడితే అలా తీయకండి: పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన చిన్న స్కేలు పట్టుకుని, ప్రతిసారీ అంతే దూరం నుంచి. మా రెండో డాక్టరు నిర్ణయం తీసుకుంది నా ఫోనులో ఉన్న ఐదు ఫొటోలు వరసగా చూసే.

ఆగకూడని చోట్లు ఇవి. కంటి దగ్గర ఉంటే చూపు ఎదగడం దెబ్బతింటుంది. ముక్కు కొన, పెదవి మీద ఆకారం పాడవుతుంది. గడ్డం, దవడ ప్రాంతంలో విస్తరించి ఉంటే గొంతు లోపల కూడా ఉండొచ్చు, ఊపిరి తీసేటప్పుడు గరగర వినిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డైపర్ కట్టే చోట పుండు పడే అవకాశం ఎక్కువ. ముఖం మీద 5 సెంటీమీటర్లు దాటినది ఉంటే మెదడు, గుండె రక్తనాళాలు కూడా చూడాల్సి వస్తుంది. నడుం కింద వెన్ను మీద పెద్దది ఉంటే వెన్నుపాముకి స్కాన్ చేయిస్తారు. ఒంటిమీద ఐదు, అంతకన్నా ఎక్కువ ఉంటే కాలేయానికి అల్ట్రాసౌండ్ అడగండి.

ఇక మందు. 2008లో ఫ్రాన్సులోని బోర్డోలో డాక్టర్లు గుండె జబ్బు కోసం ప్రొప్రనలాల్ ఇచ్చిన బిడ్డకి హెమాంజియోమా కూడా చప్పబడిందని ప్రకటించారు, ఇప్పుడు మొదటగా వాడేది అదే. బిడ్డ బరువు కిలోకి రోజుకి 2 నుంచి 3 మిల్లీగ్రాములు, పూటలుగా విడదీసి ఇస్తారు, కనీసం ఆరు నెలలు. మొదలుపెట్టే ముందు గుండె వేగం, బీపీ చూస్తారు, ఉబ్బసం లాంటిది ఉంటే ముందే చెప్పాలి. ఇంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, కానీ చాలా ముఖ్యం: ఖాళీ కడుపున ఈ మందు పడకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. నేను పాలు పట్టే మధ్యలో సిరంజితో బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వేసి, మళ్లీ పాలు పట్టేదాన్ని. సగం కక్కినా రెండోసారి వేయకూడదు. వాంతులు, విరేచనాలు, దగ్గుతో పిల్లికూతలు, లేదా పాలు తాగనంటే ఆ పూట మందు ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి. చెమటలు పట్టి, ఒళ్లు చల్లబడి, లేపినా సరిగ్గా లేవకపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, మేలుకుని మింగగలిగితేనే పాలివ్వాలి. చేతులు కాళ్లు చల్లగా ఉండటం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం మాత్రం మామూలే. మచ్చ వెలిసింది కదా అని మీ అంతట మీరు మానేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఉంది.

మచ్చ చిన్నగా, పైపైనే ఉంటే టిమోలాల్ చుక్కలు రాస్తారు. సీసా మీద కంటి చుక్కలని ఉంటుంది, కంగారు పడకండి, చర్మం మీద రాయడానికే ఇచ్చారు. చెప్పినన్ని చుక్కలే వేయండి, పుండు మీద వేయొద్దు.

పుండు పడితే బిడ్డకి చాలా నొప్పి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పెట్రోలియం జెల్లీ మందంగా పూసి, అంటుకోని గాజుగుడ్డ కట్టి, అదే రోజు చూపించండి. రక్తం కారితే శుభ్రమైన బట్టతో పది నిమిషాలు తీయకుండా నొక్కి పట్టుకోవాలి. మధ్యలో ఎత్తి చూడొద్దు, అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి.

పోర్ట్‌వైన్ మచ్చకి ఈ మందులు పనిచేయవు. దానికి పల్స్‌డ్ డై లేజర్ అనే లేజర్ వైద్యం, చాలాసార్లు చేయాలి, పసితనంలో మొదలుపెడితే బాగా వెలుస్తుంది గానీ పూర్తిగా పోకపోవచ్చు. నుదురు, పై రెప్ప మీద ఉంటే ఎంత చిన్నగా ఉన్నా కంటి ఒత్తిడి పరీక్ష చేయించండి, ఫిట్స్ గురించి కూడా డాక్టరుని అడగండి.

మా పాపకి పదమూడో నెలలో మందు మెల్లగా తగ్గించి మానిపించారు. రెప్ప మీద ఇప్పుడు వేలితో తడిమితే తప్ప తెలియనంత వదులు చర్మం మిగిలింది. కానీ ఆ కన్ను కొన్ని వారాలు సగమే తెరుచుకుంది కాబట్టి, కుడి కంటికి ప్యాచ్ వేసి ఎడమ కంటితో చూడటం అలవాటు చేస్తున్నాం. రోజుకి రెండు గంటలు, ఇంకా నడుస్తోంది.