షట్‌డౌన్ పనులకి ముందు వెండర్ల ఇన్సూరెన్స్ షీట్ తెరిచి చూసుకోండి

మొన్న తెలిసినవాళ్ళ సైట్‌లో కాంట్రాక్టర్ మనిషి ఒకతను నిచ్చెన మీంచి పడ్డాడు, ప్రాణానికేం కాలేదు గానీ నడుం పోయింది. షీట్‌లో చూస్తే ఆ వెండర్ పచ్చగా ఉన్నాడు, అంటే ఇన్సూరెన్స్ ఓకే అని, హమ్మయ్య అనుకుని సర్టిఫికెట్ పీడీఎఫ్ తెరిచారు, జనరల్ లయబిలిటీ (బయటివాళ్ళకి జరిగే నష్టానికి) ఒక్కటే ఉంది, వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్ళకి తగిలే దెబ్బలకి) గడి ఖాళీ. నాలుగు నెలల కింద మెయిల్‌లో రాగానే ఎవరో పచ్చరంగు కొట్టేశారు, ఆ ఫైల్ మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

అందుకే మొత్తుకునేది. వచ్చింది వేరు, ఓకే అయింది వేరు. అడిగాం, వచ్చింది, చూస్తున్నాం, లోపం ఉంది, ఓకే, గడువు దగ్గరపడింది, గడువు దాటింది అని విడివిడిగా స్టేటస్‌లు పెట్టుకోండి, ఎవరో ఒకరు కాంట్రాక్ట్ పక్కన పెట్టుకుని లైన్ లైన్ చూశాకే ఓకే, చూసినవాళ్ళ పేరూ తేదీ పక్కనే ఉండాలి. చాలా షీట్లలో "చూస్తున్నాం" అనే గడే ఉండదు, తప్పంతా అక్కడే మొదలవుతుంది.

చూడటమంటే ఏంటంటే, సర్టిఫికెట్ హోల్డర్ (సర్టిఫికెట్ ఎవరికి ఇచ్చారో వాళ్ళు) గడిలో మన కంపెనీ పేరు కనపడగానే మనకీ కవర్ ఉందనుకుంటారు, లేదండీ. ఆకార్డ్ 25 ఫారం (అమెరికాలో వాడే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ నమూనా) అయితే దాని నెత్తి మీదే ఉంటుంది, ఇది సమాచారం కోసమే, హోల్డర్‌కి ఏ హక్కూ ఇవ్వదు అని. అడిషనల్ ఇన్సూర్డ్ కావాలంటే, అంటే వెండర్ పాలసీలో మనకీ కవర్ ఉండాలంటే, ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే మార్పు కాగితం) కాపీ విడిగా తెప్పించుకోవాలి. ఆ ఎండార్స్‌మెంట్ ఫారాల్లో సీజీ 20 10 జరుగుతున్న పనికి, సీజీ 20 37 పూర్తయిన పనికి, ఒకటి ఇచ్చి రెండూ ఇచ్చామంటారు జాగ్రత్త.

గడువు కూడా అంతే, ఒకే సర్టిఫికెట్‌లో నాలుగు పాలసీలుంటే నాలుగు తేదీలుండొచ్చు, షీట్‌లో ఒకే తేదీ గడి పెడితే మిగతా మూడూ గాల్లో. పైగా సర్టిఫికెట్ చెప్పేది ఇచ్చిన రోజు సంగతే, తర్వాత ప్రీమియం కట్టక పాలసీ రద్దయితే ఆ కాగితం మారదు. పెద్ద పనులకి మొదలెట్టే ముందు బ్రోకర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంకా ఉన్నాయి, గుర్తొచ్చినట్టు చెప్తున్నా:

కాంట్రాక్ట్‌లో ఉన్న కంపెనీ పేరూ పాలసీలో పేరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి, అన్నదమ్ముల కంపెనీ పేరు చెల్లదు.
సర్టిఫికెట్ బ్రోకర్ నుంచే నేరుగా రావాలి, వెండర్ ఫార్వర్డ్ చేస్తే తేదీలు దిద్దారో లేదో మీకెలా తెలుస్తుంది.
మినహాయింపు ఇస్తే ఎవరిచ్చారో, ఎప్పటిదాకానో రాయాలి. నోటిమాట వద్దు.
పాత సర్టిఫికెట్లు చెరపొద్దు, క్లెయిమ్ ఏళ్ళ తర్వాత కూడా వస్తుంది.
"లోపం ఉంది"లో ఉన్నవాడికి గేట్ పాస్ లేదు. మేనేజర్ ఫోన్ చేసినా లేదు.
సబ్ కాంట్రాక్టర్లవీ అడగండి.
రాగానే పచ్చరంగు కొట్టొద్దు. రాగానే కొట్టొద్దు.
ఇప్పుడే షీట్ తెరిచి, పచ్చగా ఉండీ చూసినవాళ్ళ పేరు లేని వరసలన్నీ వెనక్కి "వచ్చింది"కి మార్చేయండి.