ఆ గడిలో 'తెలుగు' అనే రాయండి

పోయిన వారం మా అపార్ట్‌మెంట్లలోకి వరంగల్ నుంచి ఒక జంట దిగింది. రెండో తరగతిలో చేర్చాల్సిన బాబు. స్కూలు ఫారాలు మా ఇంట్లోనే కూర్చుని నింపారు. 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు' అన్నచోట ఆ తండ్రి క్షణం కూడా ఆగకుండా 'ఇంగ్లిష్' అని రాసేశాడు. అరగంట నుంచీ ఆ పిల్లాడితో ముగ్గురం మాట్లాడిందంతా తెలుగే! చేతిలో పెన్ను లాక్కున్నాను. కోపం వచ్చింది, దాచుకోను. పదేళ్ల కిందట న్యూజెర్సీ వచ్చిన కొత్తలో నేనూ అదే రాశాను.

నిజం రాస్తే పాపను ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు ఆ భాష నేర్పే క్లాసులో) వేస్తారని, వెనకబడిపోతుందని భయపడ్డాను. గుంటూరులో ఇంగ్లిష్ మీడియమే కదా, చాలనుకున్నాను. పాఠం చదివి అప్పజెప్పడం వేరు, క్లాసులో ఇరవై మంది గబగబా మాట్లాడుకుంటుంటే అందులో మాట కలపడం వేరు. బాత్రూమ్‌కి వెళ్లాలని అడగలేక పొద్దంతా మంచినీళ్లు తాగడం మానేసిందని నెలల తర్వాత తెలిసింది. టీచర్ సిగ్గరి అనుకుంది. మార్చిలో పిలిచి, నేర్చుకోవడంలో ఏదైనా సమస్య ఉందేమో పరీక్షిద్దామన్నారు. భాష సంగతి ఎవరికీ తట్టలేదు, కాగితం మీద ఇంగ్లిష్ అనే ఉందిగా. ఆ మీటింగ్‌లో మా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాల్సింది నేనే. సగం మాటలు మింగేశాను. ఉచితంగా దుబాసీని అడగొచ్చని మాకు తెలియదు. మీరు అడగండి. పిల్లల చేత మాత్రం అనువాదం చేయించకండి.

స్కూల్ డిస్ట్రిక్టులు ఈక్విటీ అంటుంటాయి, అంటే ఎవరికి కావాల్సిన సాయం వాళ్లకి అందడం. మన పిల్లల వరకు అది ఈ గడి దగ్గరే మొదలవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని సుమారు 1,800 మంది చైనీస్ పిల్లలను ఏ సాయమూ లేకుండా క్లాసుల్లో కూర్చోబెట్టారు. అందరికీ అవే పుస్తకాలు, అదే టీచర్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో లౌ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆధారం 1964 పౌరహక్కుల చట్టం. ఎవరో తల్లిదండ్రులు కోర్టుకెక్కి సాధించిన సాయాన్ని మనం ఒక్క అబద్ధంతో వదులుకుంటున్నాం.

తెలుగు అని రాస్తే ఏమవుతుంది? చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ బాగా వస్తే అక్కడితో సరి, ఈఎస్ఎల్ అక్కర్లేదంటారు. రాకపోతే సాయం చేస్తారు. బడి సంవత్సరం మొదలైన 30 రోజుల్లో మీకు ఉత్తరం రావాలి: ఏ స్థాయిలో ఉన్నాడు, ఎలా నేర్పుతారు, అన్నీ అందులో ఉంటాయి. వద్దనే హక్కు మీదే. ఈఎస్ఎల్‌లో ఉన్నాడన్న ఒక్క కారణంతో గిఫ్టెడ్ ప్రోగ్రామ్ (బాగా చురుకైన పిల్లలకు పెట్టే ప్రత్యేక చదువు) తలుపు మూయకూడదు. ఇంకెక్కడుంది నష్టం? దయచేసి ఫేస్‌బుక్ గ్రూపుల్లో మాటలు నమ్మి 'ఇంగ్లిష్' అని రాయకండి.

వీసా గురించి దిగులొద్దు. 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్లైలర్ తీర్పు తర్వాత వీసా కారణంగా పిల్లలను బడిలో చేర్చుకోకుండా ఉండలేరు. దీపావళికి సెలవు లేని చోట ముందే చీటీ రాసివ్వండి, పండగ కోసం మానితే ఈ రాష్ట్రంలో పిల్లలకు అటెండెన్స్ అవార్డు పోదు. గుడ్డు తినని పిల్లలుంటే క్యాంటీన్‌లో మీరే వెళ్లి చెప్పండి, వెజిటేరియన్ అంటే గుడ్డు ఉన్నా సరేననుకుంటారు.

కుదురుకున్నాక స్కూల్ బోర్డు మీటింగ్‌కి ఒక్కసారైనా వెళ్లండి. ఆసియా అమెరికన్ల చరిత్ర బడుల్లో చెప్పాలని న్యూజెర్సీ 2022 జనవరిలో చట్టం చేసింది. మా బడిలో ఏం చెబుతున్నారని లేచి అడిగే హక్కు మీకూ ఉంది. యాస గురించి ఆలోచిస్తూ కూర్చుంటే ఎవరు అడుగుతారు?

చాలా భయపెట్టేశానేమో. సరే, ఇదీ చెబుతాను: ఫారం సరిచేయించాక మా అమ్మాయి రెండేళ్లలో ఈఎస్ఎల్ నుంచి బయటికొచ్చింది. ఇప్పుడు హైస్కూల్లో డిబేట్ టీమ్‌లో ఉంది. మీ పిల్లలూ కుదురుకుంటారు. ఆ వరంగల్ తండ్రి 'ఇంగ్లిష్' కొట్టేసి 'తెలుగు' అని రాశాడు. సోమవారం పొద్దున్న బాబుకి పరీక్ష. వాళ్లకింకా కారు లేదు, నేనే దింపి వస్తాను.