వానలు దిగకముందే విమానం రేడియో లైన్లు చూసుకోండి: పెట్టె మార్చే ముందు కొలవండి

2025 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల జీపీఎస్ స్పూఫింగ్, అంటే నకిలీ సంకేతాలతో రిసీవర్‌ను మోసగించడం, జరుగుతోందని వార్తలొచ్చాయి. అలాంటిది కనిపిస్తే పది నిమిషాల్లోగా తెలియజేయాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది. ఆదేశం మంచిదే. అయితే హ్యాంగర్లలో పాతుకుపోయిన ఒక చెడ్డ అలవాటుకు ఇదొక కొత్త సాకు కాకూడదు. జీపీఎస్ పోయిందని పైలట్ రాస్తే ఒకరు "స్పూఫింగ్ అయ్యుంటుంది" అని కొట్టేస్తారు. ఇంకొకరు పెట్టె, అంటే రేడియో లేదా రిసీవర్ యూనిట్, పీకి వేరే పెట్టె తోస్తారు. యాంటెన్నా దగ్గరికి మాత్రం ఎవరూ నిచ్చెన వెయ్యరు. జూన్‌లో నైరుతి వానలు దిగాక ఆ నిచ్చెన వెయ్యకపోవడమే కొంప ముంచుతుంది.

కింద రాసింది సెస్నా 172 లాంటి చిన్న శిక్షణ విమానాలు చూసే ఏఎంఈలకూ (విమాన నిర్వహణ ఇంజనీర్లకూ) టెక్నీషియన్లకూ. మీ విమానం, మీ పెట్టె మాన్యువల్ వేరే అంకె చెబితే ఆ అంకే చెల్లుతుంది.

పెట్టె మార్చే ముందు లైను కొలవండి

వానాకాలపు రేడియో స్నాగ్ (పైలట్ రాసే లోపం) ఇలా వస్తుంది. పొద్దున్న మొదటి సార్టీలో (ఎగురుడులో) టవర్ మాట తెగి తెగి వినిపిస్తుంది, లేదా మన మాట వాళ్లకు అందదు. విమానం దిగగానే కామ్ పెట్టె (టవర్‌తో మాట్లాడే రేడియో) లాగి, స్టోర్‌లో ఉన్నదాన్ని తోస్తారు. గ్రౌండ్ చెక్‌లో టవర్ "ఫైవ్ బై ఫైవ్", అంటే చక్కగా వినిపిస్తోంది, అంటుంది. లాగ్‌లో సంతకం పడుతుంది. రెండు వానలు పడ్డాక మళ్లీ అదే స్నాగ్.

కొత్త పెట్టె ఎందుకు పనిచేసినట్టు కనిపించిందంటే: పెట్టె లాగి తోసినప్పుడు పెట్టె కూర్చునే ట్రే వెనకున్న కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కనెక్టర్ పిన్ను రాపిడికి పైనున్న తుప్పు పొర గీసుకుపోతుంది. ఈలోగా పదకొండింటి ఎండకి యాంటెన్నా అడుగున తడి ఆరిపోతుంది. పైగా టవర్ కంటికి కనిపించేంత దగ్గర్లో ఉంటుంది కాబట్టి సగం చచ్చిన యాంటెన్నాకైనా మంచి రిపోర్టే వస్తుంది. ఈ మూడూ కలిసి మనల్ని నమ్మిస్తాయి. తీసేసిన మంచి పెట్టె షాపుకెళ్లి "లోపం కనబడలేదు" అనే ట్యాగ్‌తో తిరిగొస్తుంది. లోపం విమానంలోనే కూర్చుని, సోలోకి వెళ్లిన విద్యార్థి 30 మైళ్ల అవతల మబ్బు అంచున ఉన్నప్పుడు బయటపడుతుంది.

కాబట్టి ముందు లైను, అంటే పెట్టె నుంచి యాంటెన్నా దాకా ఉన్న దారి. ట్రే కొసన లైను మధ్యలో పెట్టే వాట్‌మీటరు తగిలించి ముందుకు పోయే పవరు, తిరిగొచ్చే పవరు రెండూ చూడండి. 118, 127, 136.9 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే బ్యాండ్ మొదట్లో, మధ్యలో, చివర్లో. వీఎస్‌డబ్ల్యూఆర్ (పవరు ఎంత తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి) 2:1 అయితే పవరులో 11 శాతం వెనక్కి తిరుగుతుంది, 3:1 అయితే పావు వంతు. 3:1 దాటిన లైనుతో విమానాన్ని వదలొద్దు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. నీళ్లు తాగిన కేబుల్ వెళ్లే పవరునూ తింటుంది, తిరిగొచ్చే పవరునూ తింటుంది. దాంతో ట్రే దగ్గర వీఎస్‌డబ్ల్యూఆర్ ముచ్చటగా 1.3:1 చూపిస్తుంది. యాంటెన్నా దాకా సగం పవరు కూడా చేరదు. అందుకని అనలైజర్ దొరికితే కేబుల్‌ను యాంటెన్నా దగ్గర విప్పి, ఆ కొసను షార్ట్ చేసి, ట్రే వైపు నుంచి రిటర్న్ లాస్, అంటే పంపిన సంకేతం తిరిగొచ్చేసరికి ఎంత తగ్గిందో, చూడండి. మూడు మీటర్ల మంచి ఆర్‌జీ-400 కేబుల్‌కి 125 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ అటూఇటుగా రావాలి. మూడు, నాలుగు వస్తే ఆ కేబుల్ పని అయిపోయినట్టే. ఆరబెట్టి మళ్లీ వాడదామనుకోవద్దు. కేబుల్ చుట్టూ అల్లిన తీగల జడలోకి పాకిన నీరు వెండిపూత కింది రాగిని తింటూనే ఉంటుంది. ఎర్రపొడిలా కనిపించే ఆ తుప్పునే రెడ్ ప్లేగ్ అంటారు. అది కనిపించిన మేర కత్తిరించి కొత్త కనెక్టర్ వేస్తే కూడా చాలదు, కేబుల్ మొత్తం మార్చాల్సిందే.

కొలతకు ముందు కాస్త ఆలోచించినా బోలెడు పని తప్పుతుంది. సెస్నా 172లో తోక మీది ఒక్క వీఓఆర్ (దారి చూపే రేడియో స్టేషన్ సంకేతం అందుకునే) యాంటెన్నాయే, సంకేతాన్ని రెండుగా పంచే స్ప్లిట్టర్ ద్వారా, రెండు నావ్ రిసీవర్లకూ పోతుంది. రెండు నావ్‌లూ ఒకేసారి బలహీనపడితే రెండు పెట్టెలూ ఒకే రోజు చావలేదు. యాంటెన్నా, దాన్ని కేబుల్‌కి జోడించే బాలన్, స్ప్లిట్టర్ చూడండి. జీపీఎస్‌దీ ఇదే లెక్క. స్పూఫింగ్ అయితే పొజిషన్ ఎగిరి ఎక్కడికో పోతుంది, గడియారం తప్పుతుంది, విమానంలో ఉన్న రిసీవర్లన్నీ ఒకేసారి తడబడతాయి, ఆ చుట్టుపక్కల ఎగిరే ఇతరులూ చెబుతారు. ఒక్క రిసీవర్‌లోనే, ఎక్కడికెళ్లినా, ఉపగ్రహాలన్నిటి బలం ఒకేలా పడిపోయి ఉంటే అది మీ లైనే. జీపీఎస్ యాంటెన్నాలో యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి దాని మీద వాట్‌మీటరు ప్రయోగం పనికిరాదు. కేబుల్ యాంటెన్నా కొసన మధ్య పిన్నులో రిసీవర్ పంపే డీసీ, సాధారణంగా 5 వోల్టుల దరిదాపుల్లో, వస్తోందో లేదో చూడండి. కేబుల్ విప్పే ముందూ బిగించే ముందూ అవియానిక్స్ మాస్టర్ ఆఫ్‌లో ఉండాలి.

యాంటెన్నా అడుగున

యాంటెన్నా చుట్టూ సీలెంట్ పగిలిందేమో గోటితో నొక్కి చూడండి. పగిలితే విప్పాల్సిందే, పైన ఇంకో పూత పులిమితే నీరు లోపలే బందీ అవుతుంది.

విప్పాక బాండింగ్, అంటే యాంటెన్నా విమానం లోహానికి ఎంత బాగా అంటుకుందో, కొలవండి. యాంటెన్నా బేస్ నుంచి స్కిన్‌కి (విమానం పైరేకుకి) 2.5 నుంచి 3 మిల్లీఓమ్‌ల లోపు ఉండాలి. మామూలు మల్టీమీటరుతో ఇది తెలియదు, దాని తీగలే అంతకు యాభై రెట్లు చూపిస్తాయి. నాలుగు తీగల మిల్లీఓమ్ మీటరు తెచ్చుకోండి. రెసిస్టెన్స్ ఎక్కువొస్తే దాదాపుగా కారణం పెయింటే. రీపెయింట్ చేసినవాళ్లు యాంటెన్నా కింద కూడా రంగు వేసి బిగించేస్తారు. స్క్రూల ద్వారానే గ్రౌండ్ అందుతుంటుంది, వానలో ఆ స్క్రూ తుప్పు పడితే అదీ పోతుంది. బేస్ ఆనే మేర పెయింట్ తీసి, అల్యూమినియం మెరిసేదాకా తుడిచి, తుప్పు ఆపే అలోడైన్ పూతలో కరెంటు పారనిచ్చే రకం, అంటే క్లాస్ 3, పూయండి.

సీలెంట్ బేస్ కింద పెట్టకూడదు. బిగించాక అంచు చుట్టూ గట్టులా వెయ్యాలి. డ్రెయిన్ రంధ్రం ఉంటే దాన్ని వదిలెయ్యాలి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్‌ను విమానం మీదికి రానివ్వొద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం అల్యూమినియాన్నీ రాగినీ తినేస్తుంది. బజార్లో బాత్రూమ్ టైల్స్‌కి అమ్మే ట్యూబు సాధారణంగా ఆ రకమే. పాలీసల్ఫైడ్ సీలెంట్ వాడండి, ఎక్స్‌పైరీ తేదీ చూసి.

విశాఖలాంటి తీరప్రాంతంలో నిలిపే విమానాలకు ఈ చెకప్ జూన్‌కు ముందు ఒకసారి, అక్టోబరు తుపాన్లకు ముందు మరోసారి. ఉప్పుగాలికి ఏడాది గడువు ఇవ్వలేం.

కేబుల్, కనెక్టర్

పాత విమానాల్లో ఇంకా ఆర్‌జీ-58 కేబుల్ ఉంటుంది. దాని లోపలి పాలిథీన్ ఎండకి కాగే క్యాబిన్ పైకప్పులో మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది. మార్చేటప్పుడు ఆర్‌జీ-400 వెయ్యండి. సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ కేబుల్‌ని 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగువుగా వంచొద్దు. కేబుల్‌ను కట్టే టై బిగించినప్పుడు కేబుల్ నొక్కుకుపోకూడదు. కనెక్టర్‌కి చేరే ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి, అప్పుడు పాకిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

బీఎన్‌సీ, టీఎన్‌సీ కనెక్టర్ల ఫెరూల్‌ను (కేబుల్‌ను పట్టి ఉంచే లోహపు గొట్టాన్ని) 0.213 అంగుళాల షట్కోణ డైతో నొక్కి బిగించాలి. ప్లయర్‌తో నొక్కిన ఫెరూల్ పట్టుకుని కొంచెం తిప్పండి, తిరిగిందంటే కోసెయ్యండి.

కేబుల్ ఇన్సులేషన్ చూసేటప్పుడు రెండు కొసలూ విప్పి ఉండాలి. కొన్ని యాంటెన్నాలు డీసీకి షార్ట్‌లానే కనిపిస్తాయి, అది లోపం కాదు. పెట్టె తగిలించి ఉండగా ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ కొట్టారంటే మాత్రం నిజంగానే పెట్టె మార్చాల్సొస్తుంది.

ఇక మిగిలినవి వరసగా

- సెస్నాలో విండ్‌షీల్డ్ పై అంచు, గాలి వెంట్ల దగ్గర్నుంచి కారే నీరు నేరుగా రేడియో స్టాక్ మీద పడుతుంది. నీళ్లు పోసి చూడండి, లోపల ఒక మనిషి టార్చితో ఉండాలి.

- పైపుతో ఫోర్సుగా విమానం కడిగేవాళ్లని యాంటెన్నాల దగ్గర ఆపండి.

- కడిగే ముందు స్టాటిక్ పోర్టులకు (ఎత్తు, వేగం చూపే పరికరాలకు బయటి గాలి ఒత్తిడి అందించే రంధ్రాలకు) వేసింది ఎర్ర రిబ్బన్ ఉన్న కవరై ఉండాలి. రంగులేని టేపు వద్దు. 1996 అక్టోబరు 2న ఏరోపెరూ 603 బోయింగ్ 757 లీమా నుంచి లేచి సముద్రంలో కూలింది, 70 మంది పోయారు. కడిగినప్పుడు స్టాటిక్ పోర్టుల మీద అంటించిన టేపు తియ్యలేదు.

- ఎన్‌కోడర్ (ట్రాన్స్‌పాండర్‌కి ఎత్తు అందించే పెట్టె) మార్చడానికి స్టాటిక్ లైను విప్పారా? లీక్ టెస్ట్ చేయకుండా మూయొద్దు. ప్రెజరైజేషన్ లేని విమానంలో 1,000 అడుగులకు సమానమైన సక్షన్ ఇస్తే ఆ ఎత్తు రీడింగు నిమిషంలో 100 అడుగులకు మించి పడిపోకూడదు.

- మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు వేగం కొలిచే పిటాట్ గొట్టాన్ని మూసెయ్యడానికి రెండు రోజులు చాలు. కవర్ వెయ్యండి.

- రేడియోలో వానలో గరగర శబ్దం వచ్చి వాన దాటగానే పోతే అది విమానం మీద పేరుకునే స్టాటిక్ విద్యుత్తు. పెట్టె కాదు. ఆ విద్యుత్తును గాలిలోకి వదిలే స్టాటిక్ డిశ్చార్జర్లలో విరిగినవి, తెగిన కంట్రోల్ సర్ఫేస్ బాండింగ్ జంపర్లు లెక్కపెట్టండి.

- జీపీఎస్ యాంటెన్నాకీ కామ్ యాంటెన్నాకీ మధ్య కనీసం రెండు అడుగులు. కామ్ ముట్టుకున్నాక 121.150, 121.175, 121.200, 131.250, 131.275, 131.300 మీద ఒక్కోదానిపై మాన్యువల్ చెప్పినంతసేపు ట్రాన్స్‌మిట్ చేసి జీపీఎస్ పడిపోతోందా చూడండి. వీటి పన్నెండో, పదమూడో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ) వెళ్లి జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ పక్కనే పడుతుంది. ముందు టవర్‌కి చెప్పండి.

- అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మీద టెస్ట్ చెయ్యొద్దు.

- ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానం గుర్తింపు, ఎత్తు చెప్పే పెట్టె) మార్చాల్సే వస్తే 24 బిట్ల అడ్రసు ఈ విమానానిదే ఎక్కించండి. వీటీ అక్షరాలతో మన దేశంలో నమోదైన విమానాలవి హెక్సాడెసిమల్‌లో 800000 నుంచి 83ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా. వేరే విమానం అడ్రసుతో ఎగిరితే రాడార్ తెరమీద ఒకే అడ్రసు రెండు చోట్ల తేలుతుంది.

- నేల మీది ర్యాంప్ టెస్ట్‌లో ట్రాన్స్‌పాండర్ చెప్పే ఎత్తు పెంచేటప్పుడు యాంటెన్నాకి సంకేతం బయటికి పోకుండా షీల్డ్ కప్లర్ తొడగండి. లేకపోతే పైన వెళ్లే ఎయిర్‌లైనర్ టీకాస్‌కి (ఢీకొనే ప్రమాదం హెచ్చరించే పరికరానికి) మీరు ఎదురొస్తున్న విమానంలా కనిపిస్తారు.

- ట్రాన్స్‌పాండర్ అత్యవసర కోడ్‌లు 7500, 7600, 7700 జోలికి పోవద్దు.

- ఈఎల్‌టీకి (ప్రమాదంలో సహాయం కోరే బీకన్‌కి) సెల్ఫ్ టెస్ట్ ఒక్కటే. పొరపాటున దాని 406 మెగాహెర్ట్జ్ సంకేతం ఆన్ అయితే దాచిపెట్టకుండా ఏటీసీకీ బెంగళూరు మిషన్ కంట్రోల్ సెంటర్‌కీ చెప్పండి.

- కనెక్టర్ల మీద డబ్ల్యూడీ-40 కొట్టొద్దు. కాంటాక్ట్ క్లీనర్ వాడండి.

- ట్రే స్క్రూ బలవంతంగా తిప్పొద్దు. పెట్టె చివరిదాకా వెళ్లిందో లేదో ముందుభాగం పానెల్‌తో సమంగా ఉందా అని చూసి తెలుసుకోండి.

- ప్యానెల్ వెనక ఎలుక పెంట కనిపిస్తే తీగల కట్ట (హార్నెస్) మొత్తం విప్పి చూడండి. పైకి కనిపించిన ఒక్క తీగకి టేపు చుట్టి వదలొద్దు.

- రేడియో చెక్ టవర్ పక్కన పెట్టి ఒప్పుకోవద్దు. గాలిలో 30 మైళ్ల దూరంలో, ముక్కు అన్ని దిక్కులకూ తిప్పి చేయించండి.

- లోపం చెప్పకుండా "రేడియో బాలేదు" అని పైలట్ రాస్తే వెనక్కి పంపండి. ఏ రేడియో, ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత ఎత్తు, ఎటు ముఖం, వాన ఉందా లేదా రాయించండి.

- పెట్టె మార్చే ముందు లైను కొలవండి. ట్రే కొసన, యాంటెన్నా కొసన, రెండు చోట్లా. ఆ అంకెలు లాగ్‌లో రాయండి, "సర్వీసబుల్" అనే మాట ఒక్కటే రాస్తే రేపటి షిఫ్ట్ వాడికి ఏమీ తెలియదు.

- మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, తడి ఆరకముందే, మళ్లీ కొలవండి.