పెడల్ స్టీల్ పాఠాలు – 6: బడీ ఎమన్స్ విడదీసిన రెండు పెడళ్లు

పెడల్ స్టీల్ అంటే, తీగల మీద బారు అనే లోహపు కడ్డీని జరుపుతూ, పాదం కింది పెడళ్లతో తీగల స్వరాలు మారుస్తూ వాయించే గిటార్. గత పాఠం చివర నేను రాసిన ఒక్క వాక్యం చాలామందిని తిప్పలు పెట్టిందని మీ ఉత్తరాలు, మీరు పంపిన రికార్డింగులు చూశాక అర్థమైంది. ఎడమవైపు నుంచి మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కితే మధ్యమం మీద నిలిచే మేజర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వస్తుందని రాశాను. కొందరికి వచ్చింది. మరికొందరికి 5, 6, 8 తీగలు మీటినప్పుడు బాగానే వచ్చి, 4, 5, 6 తీగలు మీటేసరికి అదే కార్డ్ ఏడుపు ముఖం పెట్టింది. ఒకరు తీగలన్నీ మార్చేశారు, ఇంకొకరు శ్రుతి చూపే ట్యూనర్‌ను అనుమానించారు. తప్పు తీగల్లోనూ లేదు, ట్యూనర్‌లోనూ లేదు. పెడళ్లకు పేర్లు ఉండగా ఎడమ, కుడి అంటూ వరస చెప్పిన నాదే తప్పు. మోకాలితో నెట్టి స్వరాలు మార్చే లీవర్ల పాఠాన్ని అందుకే వచ్చే విడతకు నెట్టి, ఈసారి ఈ రెండు పెడళ్ల దగ్గరే ఆగుదాం.

ముందుగా మీ వాద్యం ఏ రకమో తేల్చుకోండి. బారు పక్కన పెట్టి, పదో తీగను మీటి, అది మోగుతుండగా ఒక్కో పెడల్‌ను తొక్కి చూడండి. పదో తీగ స్వరాన్ని పైకి లేపేది ఎ పెడల్. అది ఎడమ చివర ఉంటే మీది వాద్యకారుడు బడీ ఎమన్స్ పేరిట ఉన్న ఎమన్స్ అమరిక. మూడు పెడళ్లలో కుడి చివర ఉంటే జిమ్మీ డే పేరిట ఉన్న డే అమరిక. మధ్యలో ఉండే బి పెడల్ రెండింటిలోనూ ఒకటే. డే అమరిక ఉన్నవారు నా మాట నమ్మి ఎడమవైపు రెండూ తొక్కినప్పుడు కదిలినవి సి, బి పెడళ్లు. సి పెడల్ అయిదో తీగతో పాటు నాలుగో తీగను కూడా షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభానికి లేపుతుంది, ఎనిమిదో తీగ జోలికి పోదు. 5, 6, 8 తీగల్లో మేజర్, 4, 5, 6 తీగల్లో ఆ ఏడుపు ముఖపు మైనర్ వినిపించడానికి కారణం అదే. మీ చెవి సరిగ్గానే విన్నది.

ఈ పొరపాటు నాకూ కొత్త కాదు. నేను మొదట కొన్న వాద్యం పాతది. అమ్మినాయన పెడళ్లన్నీ మామూలుగానే ఉన్నాయని చెప్పగా, మూడు వారాలు ఎమన్స్ పటం ఎదురుగా పెట్టుకుని సాధన చేశాను. చివరికి ఒక రాత్రి టార్చి పట్టుకుని వాద్యం కిందికి దూరి చూస్తే, పదో తీగను లాగే కడ్డీ కుడి చివరి పెడల్‌కు తగిలించి ఉంది.

ఈ రెండు అమరికల కథ తెలిస్తే పాదం ఏం చేయాలో తేలికగా అర్థమవుతుంది. 1954లో విడుదలైన, అమెరికన్ కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కి, కార్డ్ లోపలి స్వరాలు జారుతూ పైకి వెళ్లడం శ్రోతలకు వినిపించాడు. అక్కడ ఒకే పెడల్ రెండు స్వరాలనూ కలిపి లేపేది. మనం పెట్టుకున్న లెక్కలో, అంటే ఇ స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే, స గ ప కాస్తా స మ ధ అవుతుంది. పంచమం చతుశ్రుతి ధైవతానికి, అంతర గాంధారం శుద్ధ మధ్యమానికి ఒకేసారి ఎక్కుతాయి, షడ్జమం కదలకుండా కూర్చుంటుంది. అమెరికా అంతటా స్టీల్ వాద్యకారులు ఆ ధ్వని కోసం పరుగులు తీశారు. 1950ల చివర బడీ ఎమన్స్ ఆ జంటను విడదీసి పంచమానికి ఒక పెడల్, గాంధారానికి ఒక పెడల్ ఇచ్చాడు. మరో స్టీల్ వాద్యకారుడు జిమ్మీ డేకు ఆ ఆలోచన నచ్చింది గాని, తన పాదానికి వీలుగా రెండింటినీ అటూ ఇటూ మార్చుకున్నాడు. ఈనాటికీ తయారీదారులు ఏ అమరిక కావాలని అడుగుతూనే ఉన్నారు.

వీణ తెలిసినవారికి ఇందులోని విశేషం వెంటనే పట్టుబడుతుంది. మెట్టు మీద తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకుపోవడం మనకు తెలిసిన పనే. ఆ లాగుడును ఎమన్స్ పాదానికి అప్పగించాడు, పైగా పక్క తీగలు నిలకడగా మోగుతూ ఉండగా ఏ తీగ ఎప్పుడు కదలాలో వాద్యకారుడి ఇష్టానికి వదిలాడు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మిషవాకాలో 1937లో పుట్టిన ఎమన్స్‌కు పదకొండో ఏట తండ్రి ఒడిలో పెట్టుకుని వాయించే ఆరు తీగల ల్యాప్ స్టీల్ కొనిచ్చాడు. పక్కనే ఉన్న సౌత్ బెండ్‌లోని హవాయి సంగీత పాఠశాలలో కొంతకాలం నేర్చుకుని, 1955లో, పద్దెనిమిదేళ్లకే, గాయకుడు లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరి, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ చేరుకున్నాడు. అక్కడ బిగ్స్‌బీ తయారుచేసిన వాద్యం వాయించాడు. తన ఆలోచనలకు ఇతరుల వాద్యాలు చాలకపోవడంతో 1957లో వాద్యకారుడు షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ అనే పెడల్ స్టీల్ తయారీ సంస్థ పెట్టాడు. ఆ పేరులో షో షాట్‌ది, బడ్ బడీది. అదే ఏడాది గాయకుడు అర్నెస్ట్ టబ్ బృందంలోకీ వెళ్లాడు. 1963లో షో-బడ్‌ను వదిలి రాన్ లాష్లీతో ఎమన్స్ గిటార్ సంస్థ మొదలుపెట్టాడు. స్వరాన్ని పెంచడానికి లాగుతూ, తగ్గించడానికి నెడుతూ పనిచేసే ఆ సంస్థ పుష్-పుల్ వాద్యాలను శ్రుతి చేయడం ఓపికకు పరీక్ష. అయినా ఆ నాదం కోసం వాటిని ఇప్పటికీ వెతికి కొనేవారున్నారు, నేనూ వారిలో ఒకణ్ని. 2015 జూలైలో, 78వ ఏట, ఆయన కన్నుమూశాడు. ఆయన పేరు తెలియకుండానే ఆయన అమరిక మీద పాదం పెట్టినవారు ఎందరో ఉంటారు.

మీ వాద్యంలోని మొదటి రెండు తీగలు కూడా ఆయన చలవే. 1962లో శ్రుతిలో ఖాళీగా ఉన్న మెట్లను పూరించడానికి రిషభం, కాకలి నిషాదం పలికే రెండు తీగలను ఆయన పై వరసకు చేర్చాడు. అందుకే మొదటి తీగ కన్నా మూడో తీగ సన్నం, దాని స్థాయి కూడా ఎక్కువ. సన్నని తీగను మొదటి స్థానంలో బిగించినవారు దాన్ని విప్పండి.

ఇక అసలు చిక్కు. మీరు పంపిన రికార్డింగుల్లో తొక్కడం దాదాపు అందరికీ వచ్చింది. వదలడమే ఎవరికీ రాలేదు. పాదం లేచిందంటే మొత్తంగా లేస్తోంది, రెండు స్వరాలూ ఒకేసారి కింద పడుతున్నాయి. అలా వదిలితే ఎమన్స్ విడదీసిన పెడళ్లను మీరు మళ్లీ ఐజాక్స్ కాలానికి కలిపేసినట్టే. నాకు విసుగు తెప్పించే తప్పు ఇదొక్కటే కాబట్టి విడమరిచి చెబుతాను. పాదాన్ని ఎత్తకూడదు, చీలమండ దగ్గర దొర్లించాలి. ఎడమ పాదం వెడల్పు భాగాన్ని రెండు పెడళ్ల మధ్య సందు మీద అడ్డంగా ఆనించండి. ఎమన్స్ అమరికలో చిటికెన వేలి వైపు ఎ పెడల్, బొటనవేలి వైపు బి పెడల్ ఉంటాయి. రెండూ అడుగుదాకా దిగిన తరువాత బరువును చిటికెన వేలి వైపుకు మళ్లిస్తే బి తనంతట తాను లేస్తుంది, ఎ అక్కడే ఉంటుంది. బొటనవేలి వైపుకు మళ్లిస్తే ఎ లేచి బి ఉంటుంది. డే అమరికలో ఇది తిరగబడుతుంది. పెడల్‌ను సగంలో ఆపకండి. అడుగు తగిలేదాకా దించాలి, పైకి తగిలేదాకా వదలాలి. బూట్లు వేసుకునే వాయించాలన్న నియమం ఏమీ లేదు. నేను పలుచని అట్ట ఉన్న చెప్పుతోనే వాయిస్తాను, సందు పాదానికి బాగా తెలుస్తుంది.

బారు లేకుండా అయిదో, ఆరో తీగలు మాత్రమే మీటండి: పంచమం, గాంధారం. ఎ దించితే ధైవతం, గాంధారం. బి కూడా దించితే ధైవతం, మధ్యమం. ఇప్పుడు ముందు బి వదలండి, తరువాత ఎ వదలండి. ఎక్కిన దారిలోనే దిగినట్టుంటుంది, బాగుంటుంది, అంతే. మళ్లీ రెండూ దించి ఈసారి ముందు ఎ వదలండి. పంచమం, మధ్యమం పక్కపక్కన ఒరుసుకుంటూ నిలబడతాయి. ఆ ఒరిపిడి పూర్తిగా చెవికి అందాక, తొందరపడకుండా, బి వదలండి. మధ్యమం గాంధారంలోకి జారి ఊపిరి తీసుకుంటుంది. పెడల్ స్టీల్‌కు మనసు కరిగించే వాద్యమన్న పేరు ఎక్కువగా ఇలాంటి జారుళ్ల వల్ల వచ్చిందే. ఇదే పనికి నాలుగో తీగను కలిపి పై షడ్జమాన్ని కదలకుండా నిలబెట్టి వినండి. తరువాత మూడో మెట్టు గీత మీద బారు పెట్టి అదంతా మళ్లీ చేయండి. అక్కడ పెడళ్లు లేకుండా జి మేజర్, రెండూ దించితే సి మేజర్ వస్తాయి. అయిదో గీత మీద రెండూ దించితే డి. ఒక పాటకు కావలసిన మూడు కార్డ్‌లూ మీ చేతికి వచ్చేశాయి, వాటి గురించి వేరే చెప్పను.

ఒక సొంత అలవాటు: ఆరో తీగ గాంధారాన్ని శ్రుతి చేసేటప్పుడు ట్యూనర్ సూదిని సరిగ్గా మధ్యకు తీసుకురాను, కొద్దిగా కిందే ఆపుతాను. తంబురాలో తనంతట తాను పలికే గాంధారం విన్న చెవికి సూది చూపే గాంధారం కాస్త ఎక్కువగానే తోస్తుంది.

సాధన విషయం మరిచిపోయాను. మొదటి వారం రోజులు బారు ముట్టుకోవద్దు, మూడో మెట్టు గీత మీది పని ఆ తరువాతే. రోజుకు నలభై నిమిషాలు, మెట్రోనోమ్ 50 మీద, పైన చెప్పిన రెండు దిగే వరసలనూ ఒక్కో అడుగుకు నాలుగు లెక్కల చొప్పున చేయండి. ఎనిమిదో రోజున జూడీ కాలిన్స్ 1968లో పాడిన ‘సమ్‌డే సూన్’ వినండి, అందులో స్టీల్ వాయించింది ఎమన్సే. పాట మొత్తం కాదు, స్టీల్ వినిపించే చోట్లే మళ్లీ మళ్లీ వేసుకుని, స్వరాలు కలిసి దిగుతున్నది ఎక్కడో, ఒకదాని వెంట ఒకటి దిగుతున్నది ఎక్కడో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. మీ సాధన రికార్డ్ చేసి పంపేటప్పుడు, పదో తీగను కదిపే పెడల్ మీ వాద్యంలో ఏ వైపున ఉందో మొదటి వాక్యంలోనే రాయండి.