పెన్‌డ్రైవ్‌లో ఎస్ఎస్‌హెచ్ కీ దాచే ముందు

ఎస్ఎస్‌హెచ్ కీ అంటే వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అవడానికి వాడే రహస్య ఫైలు. దాన్ని దాచే పెన్‌డ్రైవ్‌ని లక్స్‌తో, అంటే డ్రైవ్‌కి పాస్‌వర్డ్ తాళం వేసే లినక్స్ ఎన్‌క్రిప్షన్‌తో, ఫార్మాట్ చేస్తాం. అన్నిటికంటే ముందు డ్రైవ్ పేరు చూసుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk, డ్రైవ్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టండి. కొత్తగా కనిపించిందే మీది. సైజు కూడా సరిపోల్చుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి డ్రైవ్ పేర్ల మధ్య తేడా ఒక్క అక్షరమే. అది పొరబడితే హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ తొందర అస్సలు వద్దు.

- పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫొటోలూ ఫైళ్లూ వేరే చోటికి మార్చండి. లక్స్‌తో ఫార్మాట్ చేశాక అవి తిరిగి రావు.
- లక్స్ లోపల ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్‌సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) పెట్టండి. ఫ్యాట్32 అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌లో లినక్స్ పర్మిషన్లు (ఫైల్‌ని ఎవరు చదవొచ్చో చెప్పేవి) నిలవవు. కీకి 600 (యజమాని మాత్రమే చదివి, రాయగలిగే పర్మిషన్) ఇచ్చామనుకుంటాం, అది పట్టదు. పర్మిషన్లు అందరికీ తెరిచి ఉన్నాయంటూ ఎస్ఎస్‌హెచ్ ఆ కీని తీసుకోనే తీసుకోదు. చాలామంది ఇక్కడే కీ పాడైందని టెన్షన్ పడతారు. కీ బాగానే ఉంటుంది.
- కీకి విడిగా పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) ఉండాల్సిందే. డ్రైవ్ తెరిచి ఉన్నంతసేపూ లక్స్ కాపాడలేదు.
- రెండో కాపీ ఇంకో పెన్‌డ్రైవ్‌లో, ఇంకో చోట ఉంచండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి. చొక్కా జేబులో మరిచిపోతే వాషింగ్ మెషిన్‌లోకి వెళ్లిపోయేంత చిన్న వస్తువది.
- ఆ రెండు కాపీలతోనూ లాగిన్ అయి చూశాకే కంప్యూటర్‌లోని కీని తీసేయండి.
- అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి డ్రైవ్‌ని విడదీసి), లక్స్ మూసి, అప్పుడే బయటికి లాగండి.